చలి ఎరగని ఊళ్లో హీటర్ల మేస్త్రీ

శుక్రవారం పొద్దున్న నేను మందుల బీరువా సర్దుతుండగా అప్పన్న ఫోన్ చేశాడు. మా డాక్టరమ్మగారి దగ్గర ఇరవై ఏళ్లు కారు నడిపినవాడు అప్పన్న. అతను ఫోనులో మాట్లాడితే పక్క గదిలోకి వినిపిస్తుంది. ఆ పూట మాత్రం ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంటే గాని వినపడలేదు.

“సిస్టరమ్మా, మేస్త్రీ ఎల్లిపోనాడు. తెల్లారగట్ల నమాజుకి లేసినాడంట. కాళ్లూ సేతులూ కడుక్కోని కుర్సీలో కూకున్నాడంట. మరి లెగనేదు.”

అటువైపు అప్పన్న ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

“జుమ్మా నమాజయ్యాక తీసుకెల్తారంట. డాక్టరమ్మకి నువ్వే సెప్పమ్మా. నాను సెప్పనేను.”

బయట మే నెల ఎండ. గాజువాక మెయిన్ రోడ్డు మీద తారు మెత్తబడి ఆటోల టైర్లకు అంటుకుంటోంది. ఆ ఎండలోకి చూస్తూ నేను తలచుకున్నది మాత్రం చలిని. మేస్త్రీగారి పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది చలే.

ఆయన విశాఖపట్నంలో పాత కార్లకు హీటర్లు చేసిన మనిషి. ఏసీలు కాదు, హీటర్లే. కారులో కూర్చున్నవాళ్లకు వెచ్చటి గాలి తగిలేలా ముందు సీటు దగ్గర బిగించే పెట్టెలు. మీకు నవ్వు రావచ్చు. డిసెంబరులో కూడా ఫ్యాను ఆపని ఊరు మాది. సముద్రపు ఉక్కకు ఒంటి మీద చొక్కా ఆరదు. అలాంటి ఊళ్లో హీటరు చేయించుకునేవాళ్లెవరని మేమూ నవ్వుకున్నాం, చేయించుకునేది మేమే అయ్యేదాకా.

అసలు వృత్తికి ఆయన రేడియేటర్ల మేస్త్రీ. పాతనగరంలో హార్బరు వైపు దిగే సందులో రేకుల షెడ్డు ఆయన షాపు. పోర్టు లారీల రేడియేటర్లు కారిపోతే అక్కడికే తెచ్చేవారు. రేడియేటరును నీళ్ల తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసేవాడు. బుడగలు చూసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. నోట్లో ఏలక్కాయ ఒకటి అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. బుడగ దొరికాక మాత్రం ఎవరో తెలిసినవాళ్లు ఎదురైనట్టు చిన్నగా నవ్వేవాడు.

మా డాక్టరమ్మగారికి వాళ్ల నాన్నగారి కారు ఉండేది. ఇంగ్లండులో తయారైన నల్ల కారు, వీపు గుండ్రంగా ఉంటుంది. కొండ మీద పిల్లలు దాన్ని తాబేలు కారు అనేవాళ్లు. డాక్టరమ్మ పెళ్లి చేసుకోలేదు. గాజువాకలో చిన్న ఆసుపత్రి పెట్టుకుని, శనివారం మధ్యాహ్నం దాన్ని మూసేసి, మందుల పెట్టెలు ఆ కారులో వేసుకుని అనంతగిరి ఘాటు ఎక్కేది. కొండ మీద ఒక బడిలో రాత్రికి ఆగి, ఆదివారమంతా గిరిజనులకు వైద్యం చేసి దిగేవాళ్లం. నర్సుగా నేనుండేదాన్ని. మా ఆయనది పోర్టులో క్రేను మీద పని. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి మల్కాపురంలో అద్దెకుండేవాళ్లం. “ఆదివారం కూడా ఇంట్లో ఉండవా” అని ఆయన సణిగేవాడు గాని, శనివారం పొద్దున్నే నా స్వెట్టరు తీసి గుమ్మం దగ్గర పెట్టేది కూడా ఆయనే.

తొంభైల మొదట్లో మాట ఇది. చలికాలం వస్తే ఆ కారు మమ్మల్ని ఏడిపించేది. కింద శృంగవరపుకోటలో అద్దాలు దించుకుని బయల్దేరేవాళ్లం. సగం కొండ ఎక్కేసరికి బయట మంచు, లోపల మా ఊపిరి. అద్దం లోపలివైపు తెల్లగా పొగ కమ్మేసేది. అప్పన్న ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో అద్దం తుడిచేవాడు. బంగాళాదుంప ముక్కతో రుద్దితే పొగ పట్టదని ఎవరో చెబితే అదీ చేశాడు. ఆ కారుకు గాలిగొట్టం గాని, వేడి గాని ఏమీ లేవు. ఒక శనివారం మలుపు దగ్గర ముందు చక్రం రోడ్డు దిగి గడ్డిలోకి వెళ్లింది. కారు ఆగాక అప్పన్న దిగి చూశాడు. గడ్డికి అవతల ఏమీ లేదు. తెల్లటి మంచు, అందులోంచి ఎక్కడో లోతున నీళ్ల చప్పుడు.

అతను తిరిగొచ్చి సీట్లో కూర్చుని, “డాక్టరమ్మా, నాకు ఇద్దరు ఆడపిల్లలు” అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఆ మంగళవారం డాక్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ కారులోనే పాతనగరం వెళ్లింది. మేస్త్రీగారు తొట్టి దగ్గరనుంచి లేచి, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, మా ఎదురుగా నిలబడ్డాడు. సన్నటి మనిషి. నలభై దాటి ఉంటాయి. డాక్టరమ్మ తనకు కావలసింది చెప్పింది. ఆయన చాలాసేపు కారు వైపు చూశాడు.

“హీటరా అమ్మా? సలికాలానికా?”

“అవునండి. లోపల గాలి వెచ్చగా ఉంటే అద్దానికి పొగ పట్టదు.”

“నాను సలి ఎప్పుడూ సూణ్ణేదు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. ఎచ్చదనమంటే నాకు తెల్సు. రోజూ దాంతోనే గదా.” ఆగి, “సూద్దాం” అన్నాడు. అయిపోతుంది, చేసేస్తాను అనే మాటలు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఏ పనికైనా “సూద్దాం” అనే అనేవాడు.

మొదటిసారి చేసింది తప్పుగా చేశాడు. ఈ సంగతి దాచడం నాకిష్టం లేదు. ఆయనకూ ఇష్టముండేది కాదు.

కారు కింద పొగగొట్టం ఉంటుంది కదా, ఇంజను పొగ వెళ్లేది. అది బాగా కాలుతుంది. దాని చుట్టూ రేకు తొడుగు వేసి, మధ్యలో వేడెక్కిన గాలిని గొట్టంతో లోపలికి తెచ్చాడు. అద్దం శుభ్రంగా ఉంది. కాళ్ల దగ్గర వెచ్చగా ఉంది. రెండు వారాలు మేం ఆయన్ని మెచ్చుకుంటూ కొండెక్కాం. మూడో వారం ఘాటులో నాకు తల బరువెక్కింది. నిద్ర అనుకున్నాను. హాయిగా కూడా ఉంది, ఎవరో జోకొడుతున్నట్టు. మంచులో చెట్లు మెల్లగా వెనక్కి ఈదుతున్నట్టు కనిపించాయి. అప్పన్న ఏదో పాట తీస్తూ మధ్యలో ఆపేశాడు. డాక్టరమ్మ గొంతు మాత్రం చాలా దూరంనుంచి వినిపించింది.

“అప్పన్నా, కారు ఆపు. తలుపులు తియ్యి. అందరూ దిగండి. ఇప్పుడే.”

రోడ్డు పక్కన కూర్చుని ముగ్గురం వాంతులు చేసుకున్నాం. పొగగొట్టానికి ఎక్కడో చిల్లి పడిందని, వాసన లేని విషం ఆ వెచ్చటి గాలితో కలిసి లోపలికి వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో పది నిమిషాలు అలాగే పోతే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు. నర్సును కాబట్టి నేను అడగలేదు.

సోమవారం అప్పన్న వెళ్లి సంగతి చెప్పాడట. మర్నాడు నేను ఆసుపత్రిలో చీటీలు రాస్తుంటే, రోగుల వరసలో మేస్త్రీగారు నిలబడి ఉన్నాడు. సిటీ బస్సులో వచ్చాడు. ముందుకు రమ్మంటే రాలేదు. ఆయన వంతు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

లోపలికి వెళ్లి, “నానే సంపీసేవాణ్ణి అమ్మా మిమ్మల్ని” అన్నాడు.

“మీకు తెలిసి చేసింది కాదుగా.”

“తెలవకపోడమే తప్పు. నీళ్లు కారితే బుడగొత్తాది, సూత్తాను. దీనికి బుడగ రాదు, వాసన రాదు. అలాటిదాని జోలికి నానెల్లకూడదు.” చేతులు కనిపించకుండా లాల్చీ జేబుల్లో పెట్టుకున్నాడు. “గాలి ఎచ్చగుంటే సాలదు. మంచిదై ఉండాల. నాకు ఆ రెండోది తట్టనేదు.”

ఆ వేళే ఆ తొడుగంతా ఊడదీశాడు. చిల్లి పడిన గొట్టం ముక్కను తన షాపులో, తాను కూర్చునే చోటికి ఎదురుగా, మేకుకు తగిలించుకున్నాడు. ఎవరైనా అడిగితే దాని కథ పూర్తిగా చెప్పేవాడు. ఆ చలికాలమంతా అప్పన్న మళ్లీ బంగాళాదుంప ముక్కతోనే నడిపాడు.

మేం హీటరు మాట మరిచిపోయాం. ఆయన మరవలేదు. పోర్టు చుట్టుపక్కల పాత ఇనుము అమ్మే చోట్లన్నీ తిరిగాడట. ఎక్కడో పాత విదేశీ కారుదో, ఓడ మీద వాడిందో తెలియని గుండ్రటి హీటరు ఒకటి తుప్పుపట్టి దొరికింది. దాన్ని విప్పితే లోపల అరచేయంత రేడియేటరు ఉంది. ఆయనకు అర్థమైపోయింది. ఇంజను చుట్టూ తిరిగి మరిగే నీళ్లను రబ్బరు పైపుతో ఆ చిన్న రేడియేటరులోకి పంపాలి. వెనకనుంచి చిన్న ఫ్యాను గాలి కొట్టాలి. ఆ నీళ్లు మళ్లీ ఇంజనులోకే పోవాలి. పొగతో పనే లేదు. “ఇన్నాళ్లూ నా ముందే ఉంది” అన్నాడు తర్వాత. “లారీ సల్లబడ్డానికి రేడియేటరు సేత్తాను. ఆ ఏడి ఎటెల్తందో ఎప్పుడూ ఆలోసించనేదు.”

మే నెలలో కబురు పంపాడు, కారు తీసుకురమ్మని. ఎక్కడికంటే ఫిషింగ్ హార్బరులో ఐసు ఫ్యాక్టరీకి.

ఆ పొద్దుట సంగతి ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. బయట నేల కాలిపోతోంది. వలలు ఆరేసిన వాసన. ఐసు దింపే షెడ్డులో నల్ల కారును నిలిపి, దాని చుట్టూ నాలుగువైపులా ఐసు దిమ్మలు పేర్చారు, కిటికీల ఎత్తుదాకా. పైన టార్పాలిను కప్పారు. ఈసారి పొగగొట్టానికి పొడుగాటి పైపు తగిలించి, దాని చివరను షెడ్డు బయటికి వదిలాడు మేస్త్రీగారు. హీటరు కొండ మీద పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలని ఆయన పట్టుదల. ఫ్యాక్టరీలో ఆయనకు చుట్టాలున్నారు కాబట్టి ఒప్పుకున్నారు. చేపల తట్టలు మోసే ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. ఐసు మోసే ఒకాయన అప్పన్నతో, “ఏటి బావా, కారుకి జొరమొచ్చిందేటి?” అన్నాడు.

“జొరం నేదు. సన్నీళ్లు పోత్తన్నాం” అన్నాడు అప్పన్న.

ఇంజను నడుస్తుండగా, దిమ్మల మధ్య వదిలిన సందులోంచి దూరి, తలుపులు మూసుకుని నలుగురం లోపల కూర్చున్నాం. డాక్టరమ్మ గోడకు తగిలించే థర్మామీటరు ఒళ్లో పెట్టుకుంది. టార్పాలిను సందుల్లోంచి పడే వెలుగు ఐసులోంచి వచ్చి లోపలంతా నీలంగా, పల్చగా ఉంది. సముద్రం అడుగున కూర్చున్నట్టుంది. వేళ్లు కొంకర్లు పోయాక మేస్త్రీగారు కుళాయిలాంటిది ఒకటి తిప్పి, ఫ్యాను వేశాడు. కళ్లు మూసుకుని గాలి వచ్చే చోట చెయ్యి పెట్టాడు. మొదట చల్లగాలి. తర్వాత ఏమీ తెలియని గాలి. తర్వాత, దగ్గరి మనిషి ఊపిరిలా, వెచ్చదనం. బయట ఐసు కరిగి చుక్కలు పడుతున్న చప్పుడు. అద్దం అంచులనుంచి తెల్లదనం మెల్లగా వెనక్కి తగ్గి, గుండ్రంగా ఒక చోటు శుభ్రపడింది. అందులోంచి ఐసు వెనకాల ఒక పిల్లి మమ్మల్ని చూస్తూ కనిపించింది.

“కొండ మీద సలి ఇలాగే ఉంటాదా అమ్మా?” అని అడిగాడు.

డాక్టరమ్మ ఆలోచించింది. “ఇది చల్లదనం మేస్త్రీగారూ. చలి వేరు. అది మీరొచ్చి చూడాలి.”

డిసెంబరులో వచ్చాడు. భార్య శాలువా, ఎవరిదో మంకీ క్యాపు, కాళ్లకు మేజోళ్లు. అనంతగిరి దాటాక కారు ఆపించి, దిగి, రోడ్డు మధ్యన నిలబడ్డాడు. నోటినుంచి పొగ వచ్చింది. ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ పొగ. అప్పన్న నవ్వుతుంటే పట్టించుకోకుండా, ఆ పొగ ఎంత దూరం వెళ్లి మాయమవుతుందో చూస్తూ చాలాసేపు అలాగే ఊదుతూ నిలబడ్డాడు.

“నా లోన ఇంత ఏడి ఉందా” అన్నాడు తనలో తను.

మర్నాడు తెల్లవారుతుండగా ఒకతను బడి దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని భార్యకు నెలలు నిండకుండానే కాన్పయింది. మేం వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టి గంట దాటింది. అరచేతిలో ఇమిడిపోయేంత బిడ్డ. ఏడుపు కూడా సరిగా లేదు, పిచ్చుక అరిచినట్టుంది. పాదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరమ్మ బిడ్డను తుడిచి తల్లి గుండెకు ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించి, పైన దుప్పట్లు కప్పించింది.

“కిందికి తీసుకెళ్లాలి. పెద్దాసుపత్రిలో వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలో పెడితే బతుకుతుంది. దారిలో చల్లబడితే బతకదు” అని నాతో మెల్లగా చెప్పింది. మేస్త్రీగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విన్నాడు. వెంటనే కారు దగ్గరికి వెళ్లిపోయాడు. మేం బిడ్డనూ తల్లినీ తెచ్చేసరికి ఇంజను నడుస్తోంది, లోపల వేసవిలా ఉంది.

తల్లిని వెనక సీట్లో పడుకోబెట్టాం. నేను కింద కూర్చుని బిడ్డ పాదాలు నా పిడికిట్లో పెట్టుకున్నాను. డాక్టరమ్మ సీటు అంచున కూర్చుంది. ముందు అప్పన్న, మేస్త్రీగారు, ఆ తండ్రి. మంచు ఎంత దట్టంగా ఉందంటే కారు కదులుతున్నట్టే లేదు. అద్దం మాత్రం శుభ్రంగా ఉంది. తల్లి ఒకసారి కళ్లు తెరిచి, “ఎండొచ్చిందా?” అని అడిగింది. రాలేదని చెప్పబుద్ధి కాలేదు నాకు.

సగం ఘాటు దిగాక ముందునుంచి రబ్బరు కాలిన ఆవిరి వాసన వచ్చింది. మేస్త్రీగారు అప్పన్న భుజం తట్టాడు. కారు ఆగింది. ఇంజను దగ్గర హీటరు పైపు చివర చీలిపోయి నీళ్లు చిమ్ముతున్నాయి.

“హీటరు తీసీద్దాం బావా” అన్నాడు అప్పన్న. “ఆ రెండు పైపులూ కలిపీసి కట్టీ. ఇంజను బతికితే కిందకి ఎల్లిపోతాం.”

“ఇంజను బతుకుతాది. లోన బిడ్డో?”

మేస్త్రీగారికి ఒక అలవాటుండేది. ఏ పైపు వేసినా జానెడు ఎక్కువ వదిలి, వంపు తిప్పి పెట్టేవాడు. “పైపుకి కొంచెం మిగులుండాల, ఎప్పుడో అక్కరకొత్తాది” అనేవాడు. చీలిన ముక్కను కత్తితో కోసేసి, ఆ మిగులును లాగి మళ్లీ బిగించాడు. అప్పన్న, ఆ తండ్రి వాగులోంచి నీళ్లు తెచ్చారు. ఇంజను కాస్త చల్లారేదాకా ఆగి, దాన్ని మళ్లీ నడిపిస్తూనే నీళ్లు కొంచెం కొంచెంగా పోశారు. ఒక్కసారి పోస్తే కాలిన ఇనుము పగిలిపోతుందట. ఈలోపు కారు లోపల చలి పాకింది. నా పిడికిట్లో పాదాలు చల్లబడుతున్నాయి. డాక్టరమ్మ తన స్వెట్టరు విప్పి కప్పింది. నేనూ విప్పాను. నీళ్లు నిండాయి, ఫ్యాను వేశారు. చల్లగాలే వచ్చింది.

“గాలి పట్టీసింది పైపులో” అన్నాడు మేస్త్రీగారు.

లోపలికి వంగి, ఫ్యాను పెట్టె దగ్గర పై పైపు బిగింపును వదులు చేశాడు. ఇంజను నడుస్తూనే ఉంది. సందులోంచి ముందు బుసబుసమని గాలి, తర్వాత మరిగే నీళ్లు ఆయన ఎడమ అరచేతి మీదుగా కారాయి. పైపు పూర్తిగా ఊడిపోకుండా ఆ చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. వదిలితే ఉన్న నీళ్లన్నీ పోతాయి. ఆయన ముఖం నాకు మూరెడు దూరంలో ఉంది. పళ్ల మధ్య ఏలక్కాయ పటుక్కుమంది. గాలి చప్పుడు ఆగి, నీళ్లు నిలకడగా వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు. అప్పుడు కుడిచేత్తో బిగించాడు.

కొంతసేపటికి నా ముంజేతికి వెచ్చదనం తగిలింది.

డాక్టరమ్మ ఆ చేతికి మందు రాయబోతే, “బిడ్డని సూడమ్మా” అన్నాడు. వాగు నీళ్ల బకెట్టు ఒళ్లో పెట్టుకుని, చెయ్యి అందులో ముంచుకుని కొండ దిగాడు. కొత్తవలస దాటేసరికి ఎండ కాస్తోంది. రోడ్డు మీద జనం చొక్కాలు విప్పుకుని టీ తాగుతున్నారు. మేం అద్దాలన్నీ ఎత్తుకుని, హీటరు వేసుకుని, చెమటలు కారుతూ ఊళ్లోకి వచ్చాం. సింహాచలం మలుపు దగ్గర ట్రాఫిక్కులో పక్క బస్సులోని వాళ్లు వంగి మమ్మల్ని వింతగా చూశారు.

పెద్దాసుపత్రిలో బిడ్డను తీసుకున్నారు. నేను బయటికొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒకటే అడిగాడు.

“కాళ్లు ఎచ్చగున్నాయా?”

“ఉన్నాయండి” అన్నాను. అప్పుడు మాత్రం మందు రాయించుకున్నాడు.

ఆ పిల్ల బతికింది. ఏడాది తర్వాత సంతలో తల్లి చంకలో చూశాం. తర్వాత వాళ్లు ఒడిశా వైపు పనికి వెళ్లిపోయారని విన్నాం. ఇప్పుడెక్కడుందో తెలియదు.

ఆ తర్వాత పాత కార్లున్నవాళ్లు ఒకరొకరుగా ఆయన షాపుకు వచ్చారు. పెళ్లిళ్లకు అలంకరించి తిప్పే కారు ఒకటి, అరకులో తోట ఉన్న ఒకాయన కారు, స్టీల్ ప్లాంటు కాలనీలో ఇంజనీరుగారి పాత జీపు. ప్రతి హీటరునూ ఐసు ఫ్యాక్టరీలో చూసుకున్నాకే అప్పగించేవాడు. ప్రతి యజమానికీ ముందు ఆ మేకుకు వేలాడే గొట్టం కథ చెప్పేవాడు. కొందరు అది విని భయపడి వెళ్లిపోయారు కూడా. “ఎల్లనీ. తెల్సుకోని ఎల్లినాడు గదా” అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక అన్నీ మారాయి. కొత్త కార్లలో వేడీ చల్లనా రెండూ మీట తిప్పితే వస్తున్నాయి. డాక్టరమ్మ మోకాళ్లు కొండకు సహకరించలేదు. తాబేలు కారును పాత కార్లు పోగుచేసే ఒక పెద్దమనిషికి ఇచ్చేసింది. కారు ఎలా పుట్టిందో అలాగే ఉండాలి, హీటరు తీసేయమని ఆయన షరతు పెట్టాడు. మేస్త్రీగారే వచ్చి తీశాడు. నాకు కోపం వచ్చింది.

“మీకు బాధ లేదా?” అని అడిగాను.

“ఆయనదీ నిజమే గదమ్మా. అది పుట్టినప్పుడు ఈ హీటరు నేదు దాని కాడ.” బోల్టులు గుడ్డలో మూట కట్టుకుంటూ అన్నాడు. “అవసరమొచ్చిన్నాడు ఉన్నాది. సాలు.”

ఆ హీటరును పాడేరు వైపు తిరిగే ఎవరి జీపుకో బిగించాడని అప్పన్న చెప్పాడు.

ఆ శుక్రవారమే డాక్టరమ్మను తీసుకుని పాతనగరం వెళ్లాను. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. ఆటోలో దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఇంట్లో ఆడవాళ్ల మధ్య మేస్త్రీగారి భార్య మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. “కొండ మీదకి నన్నూ తీసుకెల్తానన్నాడమ్మా” అంది. “ఏటేటా అనీవాడు. సలి సూపిత్తాను, నోట్లోంచి పొగొత్తాది, సూద్దువుగాని అనీవాడు. నానే ఒల్లకున్నాను, మోకాళ్లు నొప్పులని.” డాక్టరమ్మ ఆమె చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. “ఆయన మమ్మల్ని వెచ్చగా ఉంచాడమ్మా” అంది డాక్టరమ్మ.

తీసుకెళ్లే వేళకు మేమిద్దరం మేడ మీదికి ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. కింద సందంతా తెల్లటోపీలు. పాడె ఒకరి భుజం మీదినుంచి ఇంకొకరి భుజం మీదికి మారుతూ పోతోంది. మోసేవాళ్లు పైనుంచి కనిపించరు కాబట్టి, నీళ్ల మీద వదిలిన పడవలా అది తనంతట తానే వాలులో దిగుతున్నట్టుంది. షాపుల్లోంచి మనుషులు చెప్పులు వదిలి దిగి, నాలుగడుగులు మోసి, పక్కకు తప్పుకుంటున్నారు. అప్పన్న గుండు తల వాళ్లలో ఒకసారి కనిపించింది.

సందు చివర రోడ్డు మీద పోర్టు నుంచి వస్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కిందికి దూకి, మెడలోని తువ్వాలు తీసి తలకు కట్టుకుని, వెళ్లి భుజం పట్టాడు. వెనక్కి రాలేదు. వాళ్లతోపాటే మలుపు తిరిగిపోయాడు.

రోడ్డు మధ్యన లారీ అలాగే ఉంది. తలుపు తెరిచి ఉంది, ఇంజను నడుస్తూనే ఉంది. బోనెట్టు మీద వేడికి గాలి వణుకుతోంది. దాని వెనక ఒక్కో బండీ వచ్చి ఆగింది. ఎవరూ హారను కొట్టలేదు.